వదిన ఎర్ర సెలికా

ఆడపడుచు వదినని పొగుడుతోందంటే వినేవాళ్లు ఎక్కడో ఏదో మెలిక ఉందనుకుంటారు. అనుకోనివ్వండి. నేను పొగడడానికే కూర్చున్నాను. మధ్యలో నాలుగు తిట్లు కూడా పడతాయి, ఎందుకంటే నాకు ముక్కు మీద కోపం, ఆవిడకి ఒళ్లంతా మొండితనం. హాలిఫాక్స్ హార్బరుకి ఇవతలి ఒడ్డున, డార్ట్‌మౌత్‌లో, ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆవిడ పేరు కృపాబాయి. మా అన్నయ్య సంతోషం భార్య. అన్నయ్య ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా ఏళ్లయింది. వాళ్లమ్మాయి ఫెయిత్ ఒంటారియోలో, కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఇక ఇంట్లో మిగిలింది వదిన, నేను, ఆ ఎర్ర కారు.

కారు గురించి చెప్పకుండా వదిన గురించి చెప్పడం నావల్ల కాదు. అది 1989 మోడల్ టొయోటా సెలికా. రెండే తలుపులు. ఎక్కి కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టుంటుంది. ముందు లైట్లు మూతల కింద పడుకుని ఉంటాయి. స్విచ్ వేస్తే కప్ప కళ్లలాగా పైకి లేస్తాయి. వెనక సీటు ఉందన్న పేరే గానీ అందులో కూర్చున్నవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. గేర్లు చేత్తో మార్చుకోవాలి. ఈ రోజుల్లో ఈ ఊళ్లో కుర్రాళ్లకి కూడా ఆ విద్య రాదు. డెబ్బై ఏళ్ల మా వదినకి వచ్చు.

ఆవిడ పుట్టింది నరసాపురం దగ్గర. వాళ్ల నాన్న మిషనాసుపత్రి జీపు డ్రైవరు. మగపిల్లలందరికీ జీపు నేర్పాడట, ఈవిడకి మాత్రం జీపు తుడిచే గుడ్డ ఇచ్చాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆవిడ నవ్వుతుంది గానీ ఆ నవ్వు నాకు నచ్చదు. తర్వాత నర్సింగు చదివింది, కొన్నాళ్లు మస్కట్‌లో చేసింది, ఆఖరికి అన్నయ్యనీ ఫెయిత్‌నీ వెంటబెట్టుకుని హాలిఫాక్స్ ఆసుపత్రికి వచ్చింది. ఇక్కడికి వచ్చాకే డ్రైవింగు నేర్చుకుంది, నలభై దాటాక. అన్నయ్య చచ్చినా స్టీరింగు ముట్టుకోనన్నాడు, అన్న మాట మీదే నిలబడ్డాడు.

మనవాళ్లందరూ నాలుగు తలుపుల బళ్లు, వ్యాన్లు కొనుక్కుంటుంటే ఈవిడ కళ్లు ఆ ఎర్రదాని మీద పడ్డాయి. ఆసుపత్రిలో ఒక డాక్టరు అమ్మకానికి పెట్టాడు. పిల్లలున్నవాళ్లెవరూ రెండు తలుపుల బండి కొనరు, పెళ్లికాని కుర్రాళ్లకి అప్పటికే కొత్త మోడళ్లు వచ్చేశాయి, అందుకని చౌకగా దొరికింది. అప్పటికి నేనూ ఈ ఊరు వచ్చేశాను, ఇంటికి తెచ్చిన రోజు అక్కడే ఉన్నాను. "వదినా, సినిమా హీరోయిన్‌వా నువ్వు? బియ్యం బస్తా ఎక్కడ పెడతావు?" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా వెనక డిక్కీ తలుపు ఎత్తి చూపించింది. రెండు బస్తాలు పట్టేంత చోటుంది. నా నోరు మూయించడానికి ఆవిడ ఎప్పుడూ మాటలు వాడదు.

కొత్త బండి కొంటే పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేయడం మనవాళ్ల ఆనవాయితీ కదా. ఆయన వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకున్నారు. ఈవిడకి ఆత్రం ఆగలేదు. లైట్లు ఎలా లేస్తాయో చూపించాలని లోపలికి దూరి స్విచ్ వేసింది. చేతి పక్కనే టక్కున రెండు లైట్లు లేచేసరికి పాస్టరు గారు "ప్రభువా!" అని వెనక్కి ఒక్క గెంతు గెంతారు. "సెలికా అంటే లాటిన్‌లో పరలోకానికి సంబంధించింది అని అర్థమండీ" అని ఈవిడ ఆయనకి సర్దిచెప్పబోయింది. "అందుకేనమ్మా, దగ్గరుండి పంపించేట్టుంది" అన్నారాయన.

ఆ కారు చరిత్రంతా నాకు కంఠతా వచ్చేసింది, వినీ వినీ. చెప్పేది ఏంగస్ అనే ముసలాయన. ఊరికి తూర్పున లారెన్స్‌టౌన్‌లో ఉంటాడు. మెకానిక్కు. ఇంటి వెనక ఒక పాత పశువుల కొట్టం ఉంది, చలికాలంలో నలుగురి కార్లు అందులో పెట్టుకుంటాడు. ఆయన లెక్క ప్రకారం సంగతి ఇదీ: అరవైల్లో అమెరికాలో కుర్రకారు కోసమని, అందరూ కొనగలిగే ధరలో ఒక షోకు కారు తీశారు, అది విరగబడి అమ్ముడుపోయింది. అది చూసి టొయోటా వాళ్లు కూడా 1970 చివర్లో జపాన్‌లో ఈ సెలికాని దింపారు. గొప్ప కిటుకేమీ లేదు. సంసారపక్షంగా ఉండే మామూలు కారు అడుగుభాగం తీసుకుని దాని మీద ఒంపుసొంపుల ఒళ్లు బిగించారు. లోపల గుమస్తా, పైన హీరో వేషం. అందుకే ధర తక్కువ, రిపేరు సులువు, సామాన్లు ఎక్కడైనా దొరికేవి. ముప్పయ్యయిదేళ్లు రకరకాల రూపాలు మార్చుకుంటూ వచ్చింది. బురదలో, మంచులో, కొండదారుల్లో పరిగెత్తే ర్యాలీ పందేల్లో దాని అన్నదమ్ములు ప్రపంచాన్ని గెలిచాయి. ఆ తర్వాత జనానికి ఎత్తయిన బళ్ల మీద మోజు పెరిగింది, రెండు తలుపులవి అడిగేవాళ్లు తగ్గారు, 2006లో తయారీ ఆపేశారు.

"డబ్బున్నవాళ్ల కార్లు డబ్బున్నవాళ్లే చూసుకుంటారు. దీన్ని చేసింది మాత్రం నాలాంటి వాళ్ల కోసం" అంటుంది వదిన. ఆ మాట నాకు ఒప్పుదలే. అందమైనదేదీ తన కోసం కాదని చిన్నప్పటినుంచీ చెప్పించుకున్న మనిషి, నర్సు జీతంతో, ఎవరినీ అడగకుండా, ఒక అందమైన వస్తువు కొనుక్కుంది. నేనైతే అంత ధైర్యం చేయలేదు. నా కారు బూడిదరంగుది, దానికి పేరు కూడా లేదు.

కొనడం ఒక ఎత్తు, దాన్ని బతికించుకోవడం ఒక ఎత్తు. ఇక్కడ చలికాలం వస్తే మంచు కరగడానికి రోడ్లన్నిటి మీదా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్లని కింది నుంచి కొరుక్కు తినేస్తుంది. వదిన కారుతో పుట్టిన కార్లన్నీ ఈ రాష్ట్రంలో ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయాయి. ఆవిడదొక్కటే మిగిలింది, ఎందుకంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అది ఏంగస్ కొట్టంలో దుప్పటి కప్పుకుని పడుకునేది. ఈవిడేమో గడ్డకట్టే చలిలో బస్టాపులో నిలబడి డ్యూటీకి పోయేది. "కారుకి జలుబు చేస్తుందని మనిషి వణకడం ఎక్కడైనా ఉందా!" అని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. వింటేనా!

కొట్టంలో పెట్టేముందు ఇంకో తంతు ఉంటుంది. ఏంగస్ కారు అడుగునంతా నూనె కొడతాడు. కొట్టిన వెంటనే వదిన దాన్ని ఒక మట్టిరోడ్డు మీదికి తీసుకుపోయి దుమ్ము రేగేలా అటూ ఇటూ తిప్పుతుంది. ఆ దుమ్మంతా నూనెకి అతుక్కుని గట్టి పూతలా అవుతుందట, ఉప్పు లోపలికి పోదట. ఈ పల్లెల్లో పాతకాలం వాళ్లు ఇలాగే చేస్తారు. మొదటిసారి నాకు తల తిరిగిపోయింది. పొద్దున్న కూర్చుని అద్దంలా తోమిన కారుకి మధ్యాహ్నం కావాలని మట్టి పూయడమేంటి! కిటికీలోంచి దుమ్మంతా నా జుట్టులోకి. ఈవిడ మాత్రం చిన్నపిల్లలా నవ్వుతోంది.

డ్రైవ్ చేసేటప్పుడు ఆవిడని చూడాలి. మామూలుగా మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే మనిషి. ఆ సీట్లో కూర్చుంటే వీపు నిటారవుతుంది, మెడ తిరుగుతుంది, అన్నంలో పప్పు కలిపినంత సులువుగా గేర్లు పడతాయి. వేసవిలో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక లారెన్స్‌టౌన్ రోడ్డు మీద పోయేవాళ్లం. అది వంకర్ల రోడ్డు. ప్రతి మలుపు ముందూ గేరు దింపడం, మలుపు దాటాక ఊపందుకోవడం. నేను తలుపు పట్టుకుని "యేసయ్యా, నెమ్మదిగా వదినా" అంటూ ఉండేదాన్ని. ఆవిడ రోడ్డు మీంచి కళ్లు తీయకుండా "నేనున్నానుగా" అనేది. నిజం చెప్పొద్దూ, ఆవిడ పక్కన నాకు ఒక్కరోజు కూడా భయం వేయలేదు. అరవడం నా అలవాటు, అంతే.

పోయిన ఏడాది అక్టోబరు ఆఖర్న మా చర్చి కుర్రాడు ఆరన్ పెళ్లి జరిగింది. పిల్ల సాత్విక, కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన హిందువుల అమ్మాయి. ఇద్దరికీ ఇక్కడ కాలేజీలో పరిచయం. పొద్దున చర్చిలో ఉంగరాలు మార్చుకున్నారు, మధ్యాహ్నం హాల్లో పిల్ల తరఫువాళ్లు ముచ్చటపడి తలంబ్రాలు పోయించారు. పెళ్లి కారు మా వదినదే కావాలని ఆ పిల్లలిద్దరూ ముందే అడిగి పెట్టుకున్నారు. పెళ్లికూతురు పట్టుచీరతో ముందు సీట్లో, పెళ్లికొడుకు సూటు వేసుకుని వెనక మోకాళ్లు ముడుచుకుని. స్నేహితులు ఊరుకుంటారా? మిగిలిన తలంబ్రాల పళ్లెం తెచ్చి రెండు కిటికీల్లోంచీ లోపలికి దోసిళ్లతో పోశారు. కారంతా పసుపు బియ్యం. వదిన నెత్తి మీద కూడా. అంత సంతోషంగా ఆవిడని అన్నయ్య పోయాక నేను చూడలేదు.

ఆ వారమే కారు కొట్టానికి పోవాలి. లోపల గింజ మిగిలితే చలికాలంలో ఎలకలు చేరతాయని ఏంగస్ మొదటి ఏడాదే హెచ్చరించాడు, అందుకని ప్రతి ఏడూ పెట్టేముందు వదిన లోపలంతా తనే వాక్యూమ్ చేస్తుంది. ఆ ఏడాది కూడా చేసింది. మధ్యాహ్నమంతా వంగి కూర్చుని చేసింది. తర్వాత ఎప్పట్లాగే దుప్పటి కప్పి వచ్చాం.

ఏప్రిల్ ఆఖర్న తీసుకురావడానికి వెళ్లాం. దుప్పటి తీశాం, కొత్త బ్యాటరీ పెట్టాం, వదిన తాళం తిప్పింది. ఊహూఁ. ఉలుకూ లేదు పలుకూ లేదు. లైట్ల స్విచ్ వేసింది. ఒక లైటే లేచింది. రెండోది మూత కింద గింజుకుంటోంది. కారు కన్ను కొట్టినట్టుంది, నాకు నవ్వొచ్చింది. ఏంగస్ తలుపు పూర్తిగా తెరిచి, డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. సీటులో దూది పీకి గూడు కట్టాయి ఎలకలు. గూడు నిండా పసుపు బియ్యం. చుట్టూ ఉన్న వైర్లన్నీ కొరికేశాయి.

"ఆ పిల్లల్ని ఇప్పుడే ఫోనులో కడిగిపారేస్తాను! పెళ్లికి కారిస్తే ధాన్యపు కొట్టు చేశారు" అని నేను ఒంటికాలి మీద లేచాను. వదిన కిందకి వంగి చూస్తోంది. డ్రైవరు సీటుకి ఎడమపక్క, తలుపు గుమ్మం పొడుగునా, ఎలకలు తినగా మిగిలిన బియ్యం ఇంకా చారలాగా ఉంది. అంత పసుపు రంగు, అంత వెలుగులో. కళ్లజోడు లేకుండానే నాకు కనబడుతోంది.

"ఇక్కడ నేను తుడిచాను సుగుణా. నా చేత్తోనే తుడిచాను" అంది.

"తుడిస్తే ఎలా ఉంటాయి వదినా?"

"అదే. నాకు కనబడలేదు."

నేను బయటికి తీసిన ఫోను సంచిలో పడేశాను. ఆవిడ మాత్రం లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, ఏంగస్‌తో ఇంగ్లీషులో తప్పు తనదేనని, ఆ పిల్లలది కాదని చెప్పింది. మర్నాడు తనే ఫోను చేసి కళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుంది. నేను చెప్పక్కర్లేకపోయింది.

గ్లాకోమా అన్నారు. ఎదురుగా చూపు బాగానే ఉంటుందట, టీవీ చూస్తారు, బైబిలు చదువుతారు, ఏమీ తెలియదు. పక్కల నుంచి మాత్రం చూపు మెల్లిగా తరిగిపోతూ వస్తుందట. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదు. బయటికి వచ్చాక వదిన, "నాకూ కారుకీ ఒకటే రోగమే సుగుణా, అంచుల్లోంచి తింటోంది" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. కారు పార్కింగులోనే నిలబడి ఏడ్చాను. ఆవిడే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

కళ్ల రిపోర్టు చూసి లైసెన్సు ఆఫీసు వాళ్లు ఒక మాట చెప్పారు. చూపు సరిగ్గా గీత మీద ఉంది, రోడ్ టెస్టు మళ్లీ ఇవ్వాలి. పాసైతే లైసెన్సు ఉంటుంది, లేకపోతే పోతుంది. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోకూడదు. లైసెన్సు పోవడమంటే ఆవిడకి ఏమిటో నాకు తెలుసు. మా చర్చిలో మంచాన పడ్డవాళ్లని ఎవరు చూసి వస్తారు? ఆవిడే. కొత్తగా వచ్చిన పిల్లలకి జ్వరం వస్తే ఎవరు పరిగెడతారు? ఆవిడే. ఒకరి కోసం ఎదురుచూడకుండా గుమ్మం దాటగలగడమే ఆవిడ బతుకు. అది లాక్కుంటే మా వదిన ఇంట్లో కుర్చీలో కూర్చుని ఏమైపోతుందోనని నాకు నిద్ర పట్టలేదు.

ఫెయిత్ ఫోను చేసింది. "మామ్, జస్ట్ యూజ్ అత్తాస్ కార్. ఇట్స్ ఆటోమేటిక్. ఇట్స్ సో మచ్ ఈజియర్" అంది.

"మీ అత్త కారు వంటింట్లో కుక్కర్‌లా ఊరికే మోగుతుందమ్మా. ఎటు తిరిగినా ఒక కూత. నా బండి అయితే నా కాళ్లకీ చేతులకీ తెలుసు. వాటిని నమ్ముకుని కళ్లని పూర్తిగా రోడ్డు మీద పెట్టగలను" అంది వదిన.

"మామ్, ప్లీజ్, బీ రీజనబుల్."

"అలాగే" అని ఫోను పెట్టేసింది. ఆవిడ అలాగే అంటే ససేమిరా అని అర్థం.

ఏంగస్ ఎక్కడెక్కడో పాత కార్ల దిబ్బలు వెతికి వైర్లు తెచ్చి బిగించాడు. కారు లేచింది. హీటరు వేస్తే పులిహోర వాసన వస్తోంది గానీ లేచింది. ఇక మిగిలిన చిక్కు ఏమిటంటే, టెస్టు దగ్గరికి దాన్ని తీసుకుపోయేదెవరు? ఈవిడ ముట్టుకోకూడదు. ఏంగస్ దాన్ని చర్చి పార్కింగులో తెచ్చిపెట్టాడు గానీ, టెస్టు నాటికి తను ఊళ్లో ఉండనన్నాడు. ఊళ్లో ఇంకెవరిని అడిగినా ఆ గేర్లు రావంటారు. వదిన నా వైపు చూసింది.

"నా వైపు చూడకు" అన్నాను.

"నేర్పుతాను."

"అరవై దాటిన మోకాళ్లు నావి. వాటికి కొత్త చదువులు చెప్పకు."

మరుసటి శనివారం చర్చి పార్కింగులో ఉన్నాం. డ్రైవరు సీట్లో నేను, పక్కన ఆవిడ. నా తల ప్రాణం తోకకొచ్చింది. బండి ముందుకి గెంతుతుంది, ఆగిపోతుంది. గెంతుతుంది, ఆగిపోతుంది. "క్లచ్చు ఒక్కసారి వదిలేయకే. పాలు పొంగుకొస్తుంటే మంట ఎలా తగ్గిస్తావు? అలా, చూస్తూ చూస్తూ" అనేది. "పాలకి కాళ్లుండవు వదినా!" అని అరిచేదాన్ని. ఒకసారి కోపం వచ్చి తలుపు విసిరేసి రోడ్డు దాకా నడిచిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అలాగే కూర్చుని ఉంది, పిలవలేదు, హారను కొట్టలేదు. ఏం చేస్తాను, వెనక్కి వచ్చాను. అలా కొన్ని శనివారాలు తిట్టుకుంటూ తిట్టుకుంటూ మూడో గేరు దాకా వచ్చాను. మెత్తగా పడినప్పుడు ఆ గేరు కర్ర అరచేతిలో చిన్నగా టక్కుమంటుంది. ఇన్నేళ్లు ఆవిడ మొహంలో ఆ వెలుగెందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడతో చెప్పలేదనుకోండి.

టెస్టు రోజు పొద్దున్నే ఆఫీసుకి నేనే నడిపాను. దారిలో ఒక్కసారే ఆగిపోయింది. టెస్టు చేసే ఆవిడ చిన్న వయసు పిల్ల, చేతిలో అట్టకి బిగించిన కాయితాలతో వచ్చింది. లైట్లు వేయమంది. రెండూ చక్కగా లేచాయి. ఆ పిల్ల ఉద్యోగం మరిచిపోయి నవ్వేసింది, "ఇలాంటిది నేను ఫొటోల్లోనే చూశాను" అంది. వదిన అద్దాలు సర్దుకుంది, నడుం నిటారు చేసుకుంది, బండిని ఒక్క కుదుపు లేకుండా రోడ్డు మీదికి తీసుకుపోయింది.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ప్రభువుతో బేరాలు పెట్టుకున్నాను. ఇక మీదట ఎవరినీ తిట్టనన్నాను. ఆయన నమ్మి ఉండడు. ఎర్రగా ఏది కనబడినా లేచి నిలబడుతున్నాను. చివరికి మలుపులో మా కారు కనబడింది. పార్కింగులో గీతల మధ్య, కొలిచి పెట్టినట్టు ఆపింది.

ఆ పిల్ల దిగి వదిన చేయి పట్టుకుని ఊపింది. "కంగ్రాచ్యులేషన్స్. ఇంత చక్కగా గేర్లు వేసేవాళ్లని ఈ మధ్య చూడలేదు" అంది. పాసైపోయింది! "దేవునికి స్తోత్రం!" అని నేను అక్కడే చప్పట్లు కొట్టాను. ఆఫీసు మెట్ల మీద ఉన్నవాళ్లంతా నన్ను ఎగాదిగా చూశారు. చూసుకోనీ.

వదిన నవ్వలేదు. తాళాలు నా చేతిలో పెట్టింది.

"ఇవెందుకు నాకు? నువ్వే నడుపు. పాసయ్యావు కదా!"

"స్కూలు దగ్గర కుడివైపు తిరిగాను సుగుణా. సైకిలు మీద ఒక పిల్లవాడు పక్కనుంచి వస్తున్నాడు. నేను చూడలేదు. వాడే నన్ను చూసి కాలు కింద పెట్టి ఆగిపోయాడు. తిరిగాక అద్దంలో కనబడ్డాడు."

"ఆ అమ్మాయి ఏమంది?"

"ఏమీ అనలేదు. అప్పుడు కాయితం మీద ఏదో రాసుకుంటోంది. చూడలేదు."

"మరింకేం! టెస్టు పెట్టినావిడే చూడలేదు, పాసన్నది, నీకెందుకు?"

"ఆవిడ చూడాల్సింది కాయితం. నేను చూడాల్సింది రోడ్డు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పిచ్చి పట్టిందా అన్నాను. ఇన్ని శనివారాలు నా మోకాళ్లు అరగదీసింది ఇందుకా అన్నాను. పిల్లాడికి ఏమీ కాలేదు కదా అన్నాను. ఇంకోసారి జాగ్రత్తగా ఉంటే పోయేదానికి చేతికొచ్చినదాన్ని కాలదన్నుకుంటావా అన్నాను. ఆవిడ అంతా విన్నది. "మెడ తిప్పే చూశాను సుగుణా. జాగ్రత్తగానే చూశాను. అయినా కనబడలేదు" అంది.  

ఆఫీసు లోపలికి పోయి, నంబరు తీసుకుని, అందరితో పాటు కుర్చీలో కూర్చుంది. నేను పక్కన కూర్చుని పళ్లు కొరుకుతున్నాను. మా వంతు వచ్చాక కౌంటరులో అబ్బాయికి ఆవిడ చెప్పింది వాడికి ముందు అర్థం కాలేదు. ఇప్పుడే పాసయ్యారు కదండీ అంటాడు. అవును, పాసయ్యాను, తిరిగిచ్చేస్తున్నాను అంటుంది. టెస్టు పెట్టిన పిల్లని పిలిచారు. వదిన సైకిలు సంగతి ఆ పిల్లకి కూడా చెప్పింది. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "నువ్వు బాధపడకు తల్లీ" అని వదిన తెలుగులోనే అనేసింది. ఆ అమ్మాయికి మాటలు తెలియకపోయినా అర్థమైనట్టుంది. ఈవిడ చేయి మళ్లీ పట్టుకుంది, ఈసారి ఊపలేదు.

బయటికి వచ్చాం. ఆవిడ కారు చుట్టూ తిరిగి వెళ్లి కుడిపక్క తలుపు తీసింది. నేను స్టీరింగు ముందు కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేకపోయాను. మా వదిన మీద నాకు అప్పుడు కలిగింది కోపమా, గర్వమా, ఏమో. కళ్లల్లోంచి నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

"కారు అమ్మేస్తావా?" అన్నాను.

"అమ్మడమేంటి? నువ్వు నడుపుతున్నావు కదా."

తాళం తిప్పాను.

"ఇంటికేనా?" అన్నాను.

"లారెన్స్‌టౌన్ వైపు పోనీ. నేను చెప్తాలే గేర్లు."

పోనిచ్చాను. మొదటి మలుపులో బండి కొంచెం మొరాయించింది, రెండో మలుపులో మూడో గేరు మెత్తగా పడింది. ఆవిడ ఏమీ చెప్పడం లేదు. కుడిపక్కన కొండ దిగేసరికి సముద్రం వచ్చింది. ఆవిడ మెడ పూర్తిగా అటు తిప్పి చూస్తోంది.

"సుగుణా! అక్కడ నీళ్లలో మనుషులున్నారే! నల్లబట్టలేసుకుని, చెక్కల మీద! ఏమైందే వాళ్లకి?"

"ఏమీ కాలేదు వదినా. అలల మీద ఆడుకుంటున్నారు. సర్ఫింగు."

"ఇంత చలి నీళ్లలోనా? ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచేంటి? మనం ఈ రోడ్డు మీద తిరుగుతున్నప్పటినుంచీ ఉన్నారు. ప్రతి ఆదివారం ఉంటారు."

"నేనెప్పుడూ చూడలేదే!"

ఎలా చూస్తుంది? ఇన్నేళ్లూ నేను ఆ సీట్లో కూర్చుని, అరుచుకుంటూ, మోకాళ్లు నొప్పులని సణుక్కుంటూ ఆ నీళ్లూ ఆ అలలూ ఆ మనుషులూ అన్నీ చూశాను. ఆవిడ రోడ్డు చూస్తూ ఉండబట్టి చూడగలిగాను.

"చూడు వదినా, తనివితీరా చూడు. నేనున్నానుగా" అన్నాను.

అద్దం పూర్తిగా దించి, చెయ్యి బయటపెట్టి, ఆవిడ చూస్తూ కూర్చుంది. నేను రోడ్డు మీంచి కళ్లు తీయలేదు.